ఇసుకలో నల్ల రవ్వ, హార్డ్ డిస్కు కొస

ఒంగోలులో మా వీధి చివర కంప్యూటర్ రిపేరు కొట్టు కుర్రాడు పాడైన హార్డ్ డిస్కు విప్పి, లోపలి అయస్కాంతం ఊడదీసి నా చేతిలో పెట్టాడు. "జాగర్త సార్, వేలు నలుగుద్ది" అన్నాడు. నలిగింది కూడా. ఆదివారం దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి కొత్తపట్నం తీరాన ఇసుక మీద లాగితే, నల్లటి రవ్వ మీసాల్లా నిక్కబొడుచుకుని అంటుకుంది. మాగ్నెటైట్. కొణిజేడు కొండల్లోని ఇనుప ఖనిజమూ ఇదే.

ఆ రవ్వకు అయస్కాంతమంటే అంత మోజు ఎలక్ట్రాన్ స్పిన్ వల్ల. స్పిన్ అనగానే బొంగరం అనుకుంటాం, అక్కడే పప్పులో కాలేస్తాం. 1925లో ఊలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ అనే ఇద్దరు కుర్రాళ్లు ఈ ఊహ చేస్తే, భౌతికశాస్త్రంలో పెద్దాయన లోరెంజ్ లెక్కగట్టి చూపించాడు: ఎలక్ట్రాన్ బంతిలా గిర్రున తిరిగేట్టయితే దాని అంచు కాంతిని మించి పరిగెత్తాలి! బెదిరిపోయి పేపరు వెనక్కి తీసుకుందామనుకున్నారు. గురువు ఎరెన్‌ఫెస్ట్ అప్పటికే పంపించేశాడు. బతికించాడు. తిరగడం అబద్ధం, స్పిన్ నిజం. విద్యుదావేశంలాగే పుట్టుకతో వచ్చిన గుణం. ఏ దిక్కున కొలిచినా రెండే జవాబులు, పైకి లేదా కిందికి.

చాలా పదార్థాల్లో ఎలక్ట్రాన్లు జతకట్టి ఒకదాని అయస్కాంతత్వాన్ని ఒకటి చెరిపేసుకుంటాయి. మాగ్నెటైట్‌లో మూడేసి ఇనుప అయాన్లకు రెండు ఎదురెదురుగా నిలిచి చెల్లుకు చెల్లు అయిపోతాయి. మూడోదానిలో నాలుగు ఒంటరి ఎలక్ట్రాన్లు మిగులుతాయి. నా కవరుకు అంటుకున్నది ఆ మిగులే.

అయితే డిస్కులో ఆ అయస్కాంతం పని లోపలుండే సన్నటి లోహపు చేతిని అటూ ఇటూ ఊపడమే. అసలు విద్య ఆ చేతి కొసనుండి డిస్కును చదివే హెడ్‌ది. అందులో రెండు పల్చటి అయస్కాంత పొరలు, నడుమ, పాత డిస్కుల్లో అయితే, రాగి లాంటి లోహం. ఒక పొర అయస్కాంత దిక్కు కదలదు, రెండోదాని దిక్కు కింద డిస్కు మీది అయస్కాంత గుర్తును బట్టి తిరుగుతుంది. రెండూ ఒకే వైపుంటే ఒక రకం స్పిన్ ఎలక్ట్రాన్లన్నా సాఫీగా దాటేస్తాయి. ఎదురెదురైతే ఏ రకానికైనా ఎక్కడో ఒకచోట అడ్డే, నిరోధం పెరుగుతుంది. ఆ తేడాను చూసి సున్నా, ఒకటి చదువుకుంటారు. 1988లో ఫెర్ట్, గ్రూన్‌బర్గ్ అనే శాస్త్రవేత్తలు ఎవరికి వారుగా దీన్ని పట్టుకున్నారు, 1997కల్లా డిస్కుల్లోకి వచ్చేసింది, 2007లో నోబెల్. కరెంటు పోయినా మరిచిపోని ఎంరామ్ మెమరీ చిప్పులదీ ఈ వంశమే.

ఇదంతా చదివాక సోమవారం ఆ కొస కోసం కొట్టుకు పరిగెత్తాను.

"అదా సార్? పాత సామాన్లోళ్లకు తూకానికి ఏసేశా."