డీఏపీ కట్ట మీద అచ్చువేయని అంకె

డీఏపీ ఎరువు కట్ట మీద 18-46-0 అని పెద్దగా అచ్చువేసి ఉంటుంది. నూటికి 18 పాళ్లు నత్రజని, 46 పాళ్లు భాస్వరం, పొటాష్ సున్నా. అనంతపురం శెనక్కాయ రైతుకైనా, మైదుకూరు పసుపు రైతుకైనా ఈ మూడంకెలు కంఠతా వచ్చు. వాటి పక్కన కాడ్మియం అనే విషపు లోహం ఎంతుందో చెప్పే నాలుగో అంకె ఉండదు.

యూరియాలో ఈ గొడవ దాదాపు లేదు. గాలిలోని నత్రజనినీ సహజవాయువునీ కలిపి దాన్ని ఫ్యాక్టరీలో తయారుచేస్తారు. భాస్వరాన్ని మాత్రం రాయి రూపంలో తవ్వి తేవాలి. ఆ రాయిలో ఎక్కువ భాగం కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్నదే. పేరుకునేటప్పుడే అది నీళ్లలోని కాడ్మియాన్నీ యురేనియాన్నీ ఫ్లోరిన్‌నీ తనలోకి లాక్కుంది. మొరాకో, టోగో, సెనెగల్ రాళ్లలో కాడ్మియం ఎక్కువ. రష్యాలోని కోలా ప్రాంతంలో దొరికేది శిలాద్రవం గడ్డకట్టి ఏర్పడిన రాయి, అందులో చాలా తక్కువ. మన దేశానికి కావలసిన ఫాస్ఫేట్ రాయిలో అధిక భాగం దిగుమతే. అందుకని కట్టలో ఏముందన్నది ఆ ఏడు ఓడ ఎక్కడి నుంచి వచ్చిందన్న దానిమీద ఆధారపడుతుంది. ఫాస్ఫేట్‌కీ యురేనియానికీ ఉన్న చుట్టరికం చూడాలంటే అంత దూరం పోనక్కర్లేదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్నది ఫాస్ఫేట్ కలిసిన డోలోస్టోన్ రాతిలోంచే.

రాయిని గంధకామ్లంతో కరిగిస్తే ఫాస్ఫారిక్ ఆమ్లం ఒకవైపు, జిప్సం మరోవైపు వస్తాయి. కాడ్మియం రెండింటిలోకీ చేరుతుంది. ఆమ్లంతో పోయిన వాటా డీఏపీలోకి వస్తుంది.

ఇంతకీ ఇది ఎంత? యూరోపియన్ యూనియన్ దేశాలు 2022 జూలై నుంచి ఒక హద్దు పెట్టుకున్నాయి: ఎరువులోని కిలో భాస్వరానికి, అంటే కట్ట మీది 46 పాళ్లను లెక్కగట్టే ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ రూపంలో, 60 మిల్లీగ్రాముల కాడ్మియం దాటకూడదు. 50 కిలోల డీఏపీ కట్టలో ఆ లెక్కన 23 కిలోల భాస్వరం ఉంటుంది. సరిగ్గా ఆ హద్దు దగ్గరున్న సరుకైతే కట్టకు 1.4 గ్రాముల కాడ్మియం. ఎకరం నేలలో పై ఆరంగుళాల మట్టి సుమారు 9 లక్షల కిలోలు తూగుతుంది. మామూలు మట్టిలో పుట్టుకతోనే కిలోకు 0.1 నుంచి 0.5 మిల్లీగ్రాముల దాకా కాడ్మియం ఉంటుంది కాబట్టి ఎకరానికి 90 నుంచి 450 గ్రాములు ముందే ఉన్నట్టు. దాని ముందు 1.4 గ్రాములు ఏపాటి? వానాకాలం శెనక్కాయకు ఒక్క కట్ట చల్లి ఊరుకునే మెట్ట రైతు నూరేళ్లు వేసినా 140 గ్రాములే. వాట్సాప్‌లో తిరిగే ‘ఎరువు కాదు, విషం’ వీడియోలు చూసి అతను టెన్షన్ పడాల్సిన పని లేదు.

బోరు కింద ఏడాదికి రెండు పంటలు తీస్తూ, ఉల్లికో అరటికో మిరపకో ఎకరానికి ఆరు కట్టలు గుమ్మరించే వాళ్ల లెక్క వేరు. ఏడాదికి 8 గ్రాముల పైమాట, పాతికేళ్లకు 200 గ్రాములు. నత్రజనిలా ఇది గాలిలోకి ఎగిరిపోదు, నీటితో లోతుకు దిగేదీ తక్కువే, పంటతో బయటికి పోయేది మిల్లీగ్రాముల్లోనే. వేసినది పొలంలోనే మిగులుతుంది.

ఇలా మిగిలితే ఏమవుతుందో న్యూజీలాండ్ వాళ్లకు బాగా తెలుసు. నౌరు దీవి రాయితో చేసిన సూపర్ ఫాస్ఫేట్‌ను వాళ్లు దశాబ్దాల పాటు పచ్చిక బీళ్ల మీద చల్లారు. ఆ రాయిలో కాడ్మియం దండిగా ఉండేది. సహజంగా కిలో మట్టికి సగటున 0.16 మిల్లీగ్రాములు ఉండాల్సింది, ఎరువు పడిన నేలల్లో 0.35కి చేరింది. గడ్డిలోంచి గొర్రెల్లోకి, గొర్రెల్లోంచి వాటి మూత్రపిండాల్లోకి పోయింది. చివరికి రెండున్నరేళ్లు దాటిన పశువుల మూత్రపిండాలను మనుషుల తిండికి వాడకుండా పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ తరవాత ఎరువులో ఉండదగ్గ కాడ్మియానికి అక్కడి ఎరువుల పరిశ్రమ తనంతట తానే ఒక హద్దు పెట్టుకుంది.

అయితే నేలలో ఉన్నదంతా పంటలోకి రాదు. మన జిల్లాల సంగతి ఆసక్తిగా ఉండేది ఇక్కడే. కాడ్మియం ఆమ్ల నేలలో వదులుగా తిరుగుతుంది, సున్నపు నేలలో మట్టిరేణువులకు గట్టిగా అంటుకుపోతుంది. కర్నూలు నల్లరేగడిలో బంకమన్ను ఎక్కువ, సున్నం ఎక్కువ, ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 8 దాటడం మామూలే. కాడ్మియాన్ని కట్టిపడేయడానికి అంతకంటే మంచి నేల దొరకదు. అనంతపురం ఎర్ర గరుసు నేలలో బంకమన్ను తక్కువ, సేంద్రియ పదార్థం ఇంకా తక్కువ. పట్టు అంతగా ఉండదు.

ఈ పట్టును సడలించేవి రెండున్నాయి. ఒకటి ఉప్పు నీళ్లు. నీళ్లలోని క్లోరైడ్ కాడ్మియంతో జతకడితే, మట్టిని అంటుకుని ఉన్నది మళ్లీ కరిగి వేర్ల దగ్గరికి పోతుంది. దక్షిణ ఆస్ట్రేలియాలో బంగాళదుంపల మీద పరిశోధన చేసినవాళ్లు 1990లలో దీన్ని గుర్తించారు. ఉప్పు నేలల్లో పండిన దుంపల్లోనే కాడ్మియం ఎక్కువ కనిపించింది. మన దగ్గర బోరు లోతుకు పోయేకొద్దీ నీళ్లు ఉప్పనవుతున్న ఊళ్లు తక్కువేం లేవు. నల్లరేగడి కదా, ఏమీ కాదులే అనుకునే రైతు ఈ సంగతి తెలుసుకోవాలి.

రెండోది జింకు లోపం. జింకు, కాడ్మియం రసాయనంగా ఒకే కుటుంబం. జింకు కోసం వెతికే వేరు అది దొరక్కపోతే కాడ్మియాన్ని లోపలికి రానిస్తుంది. రాయలసీమ నేలల్లో జింకు లోపం పాత కథ. భాస్వరం అతిగా వేస్తే పైరుకు జింకు ఇంకా అందదు. అంటే అవసరం లేని డీఏపీ రెండు వైపుల నుంచి పని చేస్తుంది: కాడ్మియాన్ని తెచ్చి పోస్తుంది, దాన్ని ఆపగల జింకుకు అడ్డం పడుతుంది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇదే. దీని మీద జరిగే చర్చ మాత్రం చాలా తక్కువ.

ఏ పంట అన్నది కూడా చూడాలి. టమాటా పండులోకి చేరేది తక్కువ కాబట్టి పత్తికొండ రైతులు కొంత నిశ్చింతగా ఉండొచ్చు. పాలకూరలాంటి ఆకుకూరలు ఎక్కువ తీసుకుంటాయి. పొద్దుతిరుగుడు, శెనక్కాయ గింజల్లోకీ కొంచెం చొరవగానే వెళుతుంది. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ ఆహార నిబంధనల్లో బియ్యానికి కిలోకు 0.1 మిల్లీగ్రాము హద్దయితే, శెనక్కాయకు 0.5. ఆ పంట తీరే అంత అని గుర్తించి ఇచ్చిన సడలింపు అది. కాయ భూమిలోనే ఊరుతుంది కాబట్టి పొట్టు ద్వారా పీలుస్తుందేమో అనిపిస్తుంది. సున్నాన్ని అలాగే తీసుకుంటుంది, ఊడలు దిగేటప్పుడు జిప్సం వేసేది అందుకే. కాడ్మియం మాత్రం దాదాపు అంతా వేర్ల దారినే వస్తుంది.

కేసీ కాలువ కింద వరిది ఇంకో తీరు. నీళ్లు నిలిచినన్నాళ్లూ కాడ్మియం సల్ఫైడ్‌గా మారి కరగకుండా పడి ఉంటుంది, కోతకు ముందు మడి ఆరబెడితే మళ్లీ వదులవుతుంది. ఆర్సెనిక్ అనే ఇంకో విషపదార్థం దీనికి సరిగ్గా తిరగబడి పనిచేస్తుంది.

సేంద్రియ ఎరువు వాడితే ఈ బాధే ఉండదనేవాళ్లున్నారు. మందలు తోలించిన ఎరువు వరకు ఆ మాటతో నాకు పేచీ లేదు. పట్టణపు చెత్తతో చేసిన కంపోస్టుకు మాత్రం మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిలోకు 5 మిల్లీగ్రాముల కాడ్మియం దాకా అనుమతిస్తుంది. ఆ హద్దులో ఉన్న కంపోస్టు ఒక టన్ను వేస్తే 5 గ్రాములు, అంటే పైన చెప్పిన డీఏపీ మూడు కట్టలకు మించి. కంపోస్టులోని సేంద్రియ పదార్థం ఆ లోహాన్ని కొంత పట్టి ఉంచుతుందన్న మాట నిజమే. అయినా ఎక్కడి చెత్తో అడగకుండా కొనొద్దు.

మనిషి ఒంట్లో చేరిన కాడ్మియం మూత్రపిండాల్లో కూర్చుంటుంది. అది సగానికి తగ్గడానికి పది నుంచి ముప్పై ఏళ్లు పడుతుంది. జపాన్‌లో జింజూ నది ఒడ్డున ఎముకలు విరిగేంత బాధ పెట్టిన ఇతాయ్-ఇతాయ్ జబ్బుకు కారణం ఇదేనని 1968లో అక్కడి ప్రభుత్వం ఒప్పుకుంది. అయితే అది కామియోకా గని నుంచి వచ్చిన కాలుష్యం, ఎరువుల వల్ల కాదు. మన పొలాలను దానితో పోల్చడం తప్పు. మనం గమనించాల్సింది వేరు. ఒంట్లో ఇనుము తక్కువైతే పేగులు కాడ్మియాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి. అందువల్ల ఒకే కంచంలో తిన్నా, రక్తం తక్కువున్న ఆడవాళ్లకు చేరేది ఎక్కువ. బీడీ, సిగరెట్ తాగేవాళ్ల సంగతి సరేసరి. పొగాకు ఆకు ఈ లోహాన్ని బాగా పోగేసుకుంటుంది.

భూసార పరీక్ష కార్డులో 12 అంశాలుంటాయి, కాడ్మియం లేదు. అయినా పీహెచ్, లవణాలు చెప్పే ఈసీ, భాస్వరం, జింకు, ఈ నాలుగూ కలిపి చదివితే పొలం పరిస్థితి చాలా వరకు తెలుస్తుంది. భాస్వరం ‘ఎక్కువ’ అని ఉంటే ఆ ఏడు డీఏపీ తగ్గించొచ్చు, కట్ట 1,350 రూపాయలూ మిగులుతాయి. జింకు ‘తక్కువ’ అని ఉంటే జింకు సల్ఫేట్ వేయాలి, అదీ బిల్లు ఇచ్చే కొట్లోనే కొనాలి. నాసిరకం జింకులో సీసం, కాడ్మియం కలిసి రావచ్చు. ఈసీ ఎక్కువగా ఉన్న బోరు కింద ఆకుకూరలు వేయకపోవడం మంచిది.

ఇక ల్యాబుల విషయం. జింకు కొలవడానికి మట్టిని డీటీపీఏ అనే ద్రావణంలో ఊపి, వడకట్టి, యంత్రంలో చదువుతారు. కాడ్మియాన్ని కూడా అదే ద్రావణంలో చదవొచ్చు. ఉండేది అతి కొద్ది కాబట్టి మామూలు మంట యంత్రానికి అందకపోవచ్చు, అంత కొద్దిపాటినీ కొలవగల గ్రాఫైట్ ఫర్నేసో ఐసీపీ యంత్రమో ఉండాలి. ప్రతి రైతు మట్టికీ ఈ పరీక్ష అక్కర్లేదు. పాతికేళ్లుగా బోరు కింద భాస్వరం గుమ్మరించిన పొలాలను మండలానికి కొన్ని చొప్పున ఎంచుకుని మొదలుపెట్టినా చాలు.