తోక ఎక్కడికి పోయింది?

పిల్లలూ,

అమ్మమ్మ ఆశీస్సులు. ఆదివారం ఫోనులో మీరిద్దరూ ఒకరి మాట ఒకరు మింగేస్తూ అడిగిన ప్రశ్నకు అప్పుడే జవాబు చెప్పలేదని అలిగినట్టున్నారు. రెండు ముక్కల్లో తేల్చేస్తే ఆ ప్రశ్నకు అన్యాయం జరుగుతుందని ఆగాను. సీసాలో పెంచుతున్న తోకకప్పల్లో ఒకదానికి కాళ్లొచ్చాయి, తోక రోజురోజుకీ పొట్టిదవుతోంది. "రాలిపోయిందేమోనని సీసా అడుగంతా వెతికాం అమ్మమ్మా, ఎక్కడా లేదు" అన్నారు. ఆ వెతకడం ఉంది చూశారూ, అది విన్నప్పటి నుంచి నా మనసు నిండుగా ఉంది. కాలేజీలో జీవరసాయన శాస్త్రం చెప్పినన్నాళ్లూ నేను కోరుకున్నది అలా వెతికే పిల్లలనే.

తోక రాలలేదు. బల్లి తోకలా తెగి పడి గిలగిలా కొట్టుకునే రకం కాదు ఇది. కప్ప తన తోకను లోపలి నుంచే కరిగించి, ఆ సారాన్ని ఒంట్లోకి తీసుకుంటోంది. కండ, చర్మం, నరాలు, అన్నీ.

ఎవరు చెప్పారు దానికి, ఇక తోక అక్కర్లేదని? గొంతు దగ్గర ఉండే థైరాయిడ్ గ్రంథి. మీ పాఠంలో అవటు గ్రంథి అని ఉంటుంది. 1912లో గుడర్‌నాచ్ అనే శాస్త్రవేత్త తోకకప్పలకు గుర్రపు థైరాయిడ్ ముక్కలు తినిపించాడు. ఇంకా ఎదగవలసిన పిల్లలు ఎదగకుండానే కాళ్లు తెచ్చుకుని, తోక పోగొట్టుకుని బుల్లి బుల్లి కప్పలైపోయాయి. ఆ గ్రంథిని తీసేస్తే తోకకప్ప పెరుగుతూ పోతుందే గానీ కప్ప కాదు. కాబట్టి కబురు గొంతు నుంచే వస్తోంది. ఆ కబురు మోసే పదార్థాన్ని 1914లో అమెరికాలో ఎడ్వర్డ్ కెండల్ శుభ్రంగా వేరు చేశాడు. థైరాక్సిన్ అన్నారు దాన్ని. మీ అమ్మ రోజూ పొద్దున్నే పరగడుపున వేసుకునే చిన్న తెల్ల మాత్రలో ఉన్నది అదే. కప్పకూ మీ అమ్మకూ ఒకటే హార్మోను.

దాని తయారీకి అయొడిన్ కావాలి. ఒక్కో థైరాక్సిన్ అణువులో నాలుగు అయొడిన్ పరమాణువులుంటాయి. నీళ్లలో, నేలలో అయొడిన్ లేని కొండ ప్రాంతాల్లో మనుషులకు గొంతు వాచి గాయిటర్ వచ్చేది, పుట్టే పిల్లల మెదడు ఎదుగుదల కూడా దెబ్బతినేది. హిమాలయాల అంచున కాంగ్రా లోయలో ఉప్పులో అయొడిన్ కలిపి ఇచ్చి, దాంతో ఆ జబ్బు తగ్గుతుందని 1956 నుంచి ఏళ్ల తరబడి కూర్చుని రుజువు చేసిన బృందంలో ముఖ్యుడు మన శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి. ఇప్పుడు మన వంటింట్లో ఉప్పు ప్యాకెట్టు మీద అయొడిన్ మాట కనిపిస్తోందంటే అందులో ఆయన చెమట ఉంది. ఆయన గురించి ఇంకో ఉత్తరం రాస్తాను. ఇవాళ చెప్పదలచుకున్నది మరొకరి గురించి.

ఆయన పేరు జంషెడ్ టాటా. 1930లో బొంబాయిలో పుట్టారు. బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చదువుకుని, పారిస్‌లో జాఁ రోష్ దగ్గర థైరాయిడ్ హార్మోన్ల మీద పరిశోధన చేశారు. తరవాత లండన్ ఉత్తరాన మిల్ హిల్ అనే గుట్ట మీద, రాగి రేకుల పైకప్పు ఉన్న పెద్ద వైద్య పరిశోధన సంస్థలో రోజలిండ్ పిట్ రివర్స్ దగ్గర చేరారు. థైరాక్సిన్ కంటే చురుకైన, మూడే అయొడిన్ పరమాణువులున్న హార్మోనును 1952లో జాక్ గ్రాస్‌తో కలిసి కనిపెట్టిన మనిషి ఆవిడ. టాటా తన పని జీవితంలో ఎక్కువ భాగం మిల్ హిల్‌లోనే గడిపారు. ఆయన పట్టుకున్న ప్రశ్న ఒక్కటే: కబురు అందాక కణం లోపల జరిగేది ఏమిటి?

ఆ రోజుల్లో చాలామంది దీనికి జవాబు తెలిసిపోయిందనుకున్నారు. కణంలో ఇంధనం మండించే పొయ్యిల్లాంటి మైటోకాండ్రియాలను హార్మోను నేరుగా తాకి మంట పెంచేస్తుందని వారి లెక్క. పరీక్షనాళికలో అలాగే కనిపించేది కూడా. అయితే ఆ ప్రయోగాల్లో హార్మోనును దోసిళ్లతో పోసినట్టు పోసేవారు. 1960 ప్రాంతంలో టాటా స్టాక్‌హోమ్ వెళ్లి లార్స్ ఎర్న్‌స్టర్ బృందంతో కలిసి, థైరాయిడ్ తీసేసిన ఎలుకలకు ఒంటికి సరిపడా కొద్ది మోతాదే ఇచ్చి చూశారు. ఒంట్లో మంట, అంటే ఇంధనం ఖర్చయ్యే వేగం, పెరిగింది. కానీ పొయ్యిలు ఎక్కడా పాడుకాలేదు. పైగా ఆ పెరుగుదల హార్మోను ఇచ్చిన ఒక రోజు దాటాక గానీ కనిపించలేదు. నేరుగా తాకే పని అయితే నిమిషాల్లో తెలియాలి కదా. ఈ ఆలస్యం ఎందుకు? నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. చాలామంది ఆ ఆలస్యాన్ని చూసి వదిలేశారు, టాటా దాని దగ్గరే ఆగిపోయారు.

తాతయ్య పొలం కాగితాల కోసం మండల కార్యాలయానికి మిమ్మల్ని వెంటబెట్టుకు వెళ్లడం గుర్తుందా? అసలు రిజిస్టరు ఆ గది దాటి బయటికి రాదు. మనకు కావలసిన పేజీకి నకలు రాసి ఇస్తారు. కణంలో కూడా అంతే. రిజిస్టరు డీఎన్ఏ, కేంద్రకం అనే గదిలో భద్రంగా ఉంటుంది. నకలు ఆర్ఎన్ఏ. ఆ నకలు చూసి బయట ప్రొటీన్లు తయారవుతాయి. డీఎన్ఏ, ఆర్ఎన్ఏ రెండింటినీ కలిపి న్యూక్లియిక్ ఆమ్లాలంటారు. 1960లో జర్మనీలో క్లెవర్, కార్ల్‌సన్ ఇద్దరూ ఒక రకం ఈగ పిల్లపురుగుకు రూపం మార్చే హార్మోను ఇచ్చి, డీఎన్ఏ చుట్టలుండే దాని క్రోమోజోముల మీద ఫలానా చోటే ఉబ్బు రావడం మైక్రోస్కోపులో చూశారు. అంటే హార్మోను వచ్చి రిజిస్టరులో ఒక పేజీ తెరిపిస్తోందన్నమాట.

థైరాయిడ్ హార్మోను కూడా అదే పని చేస్తోందా? టాటా తేల్చడానికి ఆక్టినోమైసిన్ అనే మందు వాడారు. మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చిన పదార్థం అది. డీఎన్ఏకు అతుక్కుని, పేజీల మధ్య జిగురు రాసినట్టు నకలు తీయనివ్వదు. దాన్ని ఇచ్చిన ఎలుకల్లో హార్మోను పని చేయలేదు. 1963లో ఆ ఫలితం ప్రకటించారు. ఆ తరవాత క్రిస్టఫర్ విడ్నెల్‌తో కలిసి గంటల లెక్కన కాపలా కాశారు. రేడియోధార్మిక గుర్తు ఉన్న ముడిసరుకు ఎలుకకు ఎక్కించి, కాలేయంలో కొత్త ఆర్ఎన్ఏ ఎప్పుడు పెరుగుతోందో కొలిచారు. కొన్ని గంటల్లోనే పెరిగింది. ప్రొటీన్లు ఆ తరవాత. ఒంట్లో మంట పెరగడం అన్నిటికన్నా చివర. ఆలస్యానికి కారణం అదీ. కబురు అందిన క్షణం నుంచి లోపల నకళ్లు రాస్తూనే ఉన్నారు.

ఇప్పుడు మీ తోక దగ్గరికి వద్దాం. 1966లో టాటా తోకకప్ప తోకను కోసి, ఒక గాజు పళ్లెంలో పోషక ద్రవంలో ఉంచారు. తల లేదు, ఒళ్లు లేదు, తోక ఒక్కటే. ఊరికే ఉంచితే రోజుల తరబడి అలాగే ఉంది. చిటికెడు హార్మోను కలిపితే, కప్పకు అతుక్కుని ఉన్నప్పటి మాదిరిగానే కుంచించుకుపోయింది. మరి హార్మోనుతో పాటు ఆక్టినోమైసిన్ కలిపితే? తోక కరగలేదు. ప్రొటీన్ల తయారీని ఆపే మందులు కలిపినా కరగలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. కరిగిపోవడమంటే చెడిపోవడమే అనుకుంటాం, మిగిల్చి పెట్టిన పండు కుళ్లినట్టు. అలాగైతే కొత్తగా ఏదీ తయారు కావలసిన పని లేదు, నకలు ఆపినా తోక కరగాలి. కరగలేదంటే, తనను తాను విప్పుకోవడానికి కూడా తోక ముందు రిజిస్టరు తెరిచి, నకళ్లు తీసి, కొత్త ప్రొటీన్లు తయారు చేసుకోవాలి. పాత ఇల్లు జాగ్రత్తగా విప్పి దూలాలు, పెంకులు పక్కన పెట్టాలంటే ముందు గునపాలు, నిచ్చెనలు సమకూర్చుకోవాలి కదా, అలా. ఈ ప్రయోగం గురించి టాటా రాసిన వ్యాసం మొదటిసారి చదివిన రోజు నేను ఎమ్మెస్సీ విద్యార్థిని. లైబ్రరీ మూసే గంట కొట్టినా లేవలేకపోయాను.

ఇంకా వింత ఏమిటంటే, అదే హార్మోను, అదే కప్ప, అదే రోజు: తోక కరుగుతుంది, కాలు మొలుస్తుంది. కబురు ఒకటే అయినా ఏ అవయవం ఏ పేజీ తెరవాలో దానికే తెలుసు. తరవాతి సంవత్సరాల్లో టాటా ప్రయోగశాల మరో హార్మోను వెంట పడింది. గుడ్డులో పచ్చసొనకు కావలసిన ప్రొటీను ఆడకప్ప కాలేయంలో తయారై రక్తంలో ప్రయాణించి గుడ్డుకు చేరుతుంది. మగకప్పలో అది ఉండదు. కానీ మగకప్పకు ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను ఇస్తే దాని కాలేయం కూడా ఆ ప్రొటీను చేయడం మొదలుపెడుతుంది! ఆ పేజీ మగకప్ప రిజిస్టరులో కూడా ఉంది, ఎవరూ తెరవలేదంతే. కొన్నాళ్లకు రెండోసారి ఇస్తే ఇంకా తొందరగా, ఇంకా ఎక్కువగా చేస్తుంది. కాలేయం గుర్తు పెట్టుకుంటుందన్నమాట.

1973లో టాటా బ్రిటన్‌లో మేటి శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీకి ఫెలో అయ్యారు. పేజీ తెరిచే చెయ్యి ఎవరిదో మాత్రం 1986లో గానీ తేలలేదు. కేంద్రకంలో డీఎన్ఏ మీదే కూర్చుని హార్మోను కోసం ఎదురుచూసే ప్రొటీను అది. దాన్ని కనిపెట్టింది వేరే రెండు బృందాలు. టాటా మళ్లీ తన కప్పల దగ్గరికే వెళ్లి, హార్మోను వచ్చినప్పుడు ఆ ప్రొటీను తన సంఖ్యను తానే పెంచుకుంటుందని చూపించారు. తోకకప్ప ఒకసారి మారడం మొదలుపెడితే అంత వేగంగా మారిపోవడానికి అదొక కారణం.

మందు మార్చిన రెండో రోజే "ఏమీ తేడా లేదు" అని మీ అమ్మ విసుక్కుందట. ఆ మాత్ర ఒంట్లో నిలకడగా నిండడానికే వారాలు పడుతుందని, లోపల నకళ్లు రాయడం ప్రతి కణంలో జరగాలని మీరే చెప్పండి. ఆరు వారాల తరవాత రక్తపరీక్ష చేయించమని డాక్టరు చెప్పింది అందుకే.

ఇక సీసా సంగతి, ఇది వెంటనే చేయాలి. ముంగాళ్లు వచ్చిన తోకకప్పకు మొప్పలు పోయి ఊపిరితిత్తులు పని మొదలుపెడతాయి. లోతు నీళ్లలో వదిలేస్తే ఊపిరాడక చచ్చిపోతుంది. దాన్ని వెడల్పాటి పళ్లెంలోకి మార్చి, నీళ్లు తక్కువ పోసి, ఏటవాలుగా ఒక రాయి పెట్టండి. కుళాయి నీళ్లైతే ఒక రోజు నిలవ ఉంచాక పోయండి. ఆ నాలుగు రోజులూ అది ఏమీ తినదు, జబ్బు చేసిందని భయపడకండి. నోరు, పేగు కూడా మారుతున్నాయి, తోకే దానికి అన్నం. రోజూ ఒకే వేళకు స్కేలు పక్కన పెట్టి తోక పొడవు నోటుబుక్కులో రాయండి. తోక పూర్తిగా పోయి రాయి మీదికి ఎక్కి కూర్చున్నాక, సాయంత్రం పూట, ఎక్కడ పట్టారో ఆ గుంట దగ్గరే వదలండి. ఆ అంకెలు నాకు ఉత్తరంలో రాసి పంపండి, ఎదురు చూస్తుంటాను.

మీ
అమ్మమ్మ