ఈథీరియంకు లోడ్ టెస్ట్ పెట్టిన పిల్లులు

2017 నవంబర్ చివర్లో కెనడాలోని వాంకోవర్‌కు చెందిన ఆక్సియమ్ జెన్ సంస్థ క్రిప్టోకిట్టీస్ అనే ఆటను విడుదల చేసింది. బొమ్మ పిల్లుల్ని కొనాలి, జతకట్టించాలి, పుట్టిన పిల్లల్ని అమ్ముకోవాలి. ఆట అంతే. ఏ పిల్లి ఎవరిదన్నది ఈథీరియం అనే బ్లాక్‌చెయిన్‌లో, అంటే ఎన్నో కంప్యూటర్లు కలిసి నడిపే ఉమ్మడి ఖాతా పుస్తకంలో నమోదవుతుంది. కొద్ది రోజుల్లోనే ఆ నెట్‌వర్క్ రద్దీలో పదో వంతుకు పైగా ఈ పిల్లులదే అయింది. ఆటతో సంబంధం లేనివాళ్ల లావాదేవీలూ క్యూలో ఇరుక్కున్నాయి.

అప్పట్లో ఈథీరియం సామర్థ్యం సెకనుకు ఓ పదిహేను లావాదేవీలు. కంప్యూటర్లు పెంచినా లాభం లేదు. ఒకే జవాబు పత్రాన్ని మాస్టార్లందరూ దిద్దినట్టు, ప్రతి లావాదేవీనీ నెట్‌వర్క్‌లోని ప్రతి కంప్యూటరూ (నోడ్) సరిచూడాలి. పైగా చేసే పనిని బట్టి 'గ్యాస్' ఖర్చవుతుంది. అది పనిని కొలిచే యూనిట్, దానికి డబ్బు కట్టాలి. ఊరికే ఈథర్ (ఈథీరియం సొంత నాణెం) పంపితే 21,000 యూనిట్లు. జతకట్టించడానికి అంతకు కొన్ని రెట్లు.

ఇందులో నాకు బాగా నచ్చిన తమాషా ఒకటుంది. బ్లాక్‌చెయిన్‌లో ఏదీ దానంతటది జరగదు. గడువు తీరాక ఎవరో ఒకరు 'ప్రసవం' లావాదేవీ పంపితేనే పిల్ల పుడుతుంది. పంపినవాళ్లకు మంత్రసాని ఫీజు ముడుతుంది. రద్దీలో గ్యాస్ ధర పెరిగేసరికి ఆ ఫీజు గిట్టుబాటు కాలేదు, కాన్పులు ఆగిపోసాగాయి. సంస్థ దాన్ని 0.001 ఈథర్ నుంచి 0.002కు పెంచాల్సి వచ్చింది.

'సెకనుకు ఇన్ని వేల లావాదేవీలు' అంటూ కంపెనీలు చెప్పుకునే లెక్కల్లో ఇలాంటివి కనిపించవు. ఆ పరీక్షల్లో తరచుగా ఒకదానితో ఒకటి సంబంధం లేని చిన్న చిన్న బదిలీలే ఉంటాయి. ఆటలో అందరూ ఒకే కాంట్రాక్టు (బ్లాక్‌చెయిన్‌లో నడిచే ప్రోగ్రామ్) మీద పడతారు. ఒకే పిల్లి కోసం ఇద్దరు ఎగబడితే ఓడినవాడి లావాదేవీ విఫలమవుతుంది, గ్యాస్ డబ్బులు మాత్రం పోతాయి. 2022 జనవరిలో సన్‌ఫ్లవర్ ఫార్మర్స్ అనే సాగు ఆట వల్ల, చవకైనదని పేరున్న మరో బ్లాక్‌చెయిన్ పాలిగాన్‌లోనూ ఫీజులు ఎగబాకాయి.

ఆక్సీ ఇన్ఫినిటీ ఆట తయారుచేసిన స్కై మేవిస్ వేరే దారి పట్టింది. రోనిన్ పేరుతో సొంత చెయిన్ పెట్టుకుని, లావాదేవీలను ధ్రువీకరించే కంప్యూటర్లను (వాలిడేటర్లు) తొమ్మిదికి పరిమితం చేసింది. వేగం వచ్చింది, ఫీజులు తగ్గాయి. కానీ డబ్బు బయటికి తీయడానికి ఆ తొమ్మిదిలో అయిదింటి సంతకాలు సరిపోయేవి. 2022 మార్చి 23న హ్యాకర్లు అలా సంతకం చేసే అయిదు తాళంచెవులూ సంపాదించి 60 కోట్ల డాలర్లకు పైగా ఊడ్చుకుపోయారు. ఒక యూజర్ 5,000 ఈథర్ తీసుకోబోతే రాకపోవడంతో, ఆరు రోజుల తర్వాత గానీ సంగతి బయటపడలేదు.