ఒకే కారం, రెండు ఊరగాయలు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

గదికి లేత నీలమా, లేత నారింజా అని మీ ఇద్దరికీ తగువు వచ్చిందట. ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీస్తే రెండూ ఒకే బూడిదరంగులో వచ్చాయట. "అయితే ఏది వేసినా ఒకటేనా తాతయ్యా?" అని అడిగారు.

ఆవకాయలోనూ మాగాయలోనూ కారం సమానంగా పడిందనుకోండి, రుచి ఒకటవుతుందా? మీ ఫొటో కారం, అంటే వెలుగెంతో, చూసి రుచి, అంటే రంగేదో, వదిలేసింది. రంగుల కంపెనీలు ఆ కారాన్నే కొలుస్తాయి. గోడ వెలుతురును ఎంత తిప్పి పంపుతుందో చెప్పే అంకె అది: పూర్తి నలుపుకు 0, పూర్తి తెలుపుకు 100. మీ రెండింటికీ అది ఇంచుమించు ఒకటే కాబట్టి గది చీకటవుతుందన్న బెంగ వద్దు. రుచి మాత్రం వేలితో నాకితే తేలదు, అన్నంలో కలపాలి. షేడ్ కార్డులో గోరంత ముక్క గోడంతా పరుచుకుంటే ఇంకా గాఢంగా కనిపిస్తుంది. లడ్డూ తిన్న నోటికి ఊరగాయ మరింత పుల్లన కదా, టేకు బీరువా పక్కన నీలమూ అంతే, మరింత నీలమవుతుంది. ఫ్రాన్సులో రంగు దారాలతో బొమ్మల తెరలు నేసే గోబెలిన్ కర్మాగారంలో అద్దకాలు చూసే షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త దగ్గరకు, నల్ల దారం నల్లగా లేదని ఫిర్యాదులు వచ్చాయి. తప్పు దారానిది కాదు, పక్కనున్న రంగులదని తేల్చి ఆయన 1839లో ఏకంగా పెద్ద పుస్తకమే రాశాడు.

మా చిన్నప్పుడు సంక్రాంతికి ముందు మా అమ్మ సున్నంలో నీలిమందు కలిపి గోడలకు వేయించేది. తడి గోడ మాసినట్టుందని నాన్న సణిగేవారు. అమ్మ పలికేది కాదు. ఆరాక గోడ మల్లెపువ్వులా తేలేది, నాన్న పేపరు చదువుకునేవారు. మీరూ ఆరేదాకా పోట్లాట ఆపండి.

రెండు పెద్ద అట్టలకు చెరో రంగు రెండు పూతలు వేసి, బాగా ఆరనిచ్చి, గోడకు ఆనించండి. పొద్దున చూడండి, రాత్రి పసుపు బల్బు కింద చూడండి. అసలు తమాషా మునిమాపు వేళ. దీపం వేయకుండా, వస్తువులు మసకబారేదాకా కూర్చోండి. పగలు సరిసమానంగా ఉన్న జంటలో ఒకటి ముందే చీకట్లో కలిసిపోతుంది. పగటి చూపుకు, చీకటి చూపుకు కంట్లో వేర్వేరు కణాలున్నాయి, అంతవరకే చెబుతాను. ఏది ముందు మునిగిందో చూసి నాకు రాయండి.

ఇట్లు
మీ తాతయ్య