పొల్లు ఎగిరే దిక్కున కూర్చుంటే

నర్సంపేట దగ్గర మన ఊరి నుంచి,
బతుకమ్మకు ఇంకా పన్నెండు రోజులు

నా బిడ్డలకు,

హన్మకొండ నుంచి మీరు పంపిన కవరు మొన్న అందింది. రెండు పేపర్ కటింగులకు గుండుసూది గుచ్చి, కింద నీలం పెన్నుతో పెద్దబిడ్డ ఒకటే లైను రాసింది. "తాతా, మన బాయి కాడి తిప్పతీగ మంచిదా, చెడ్డదా?" మొదటి కటింగు మీద 'ఇంటింటి అమృతం తిప్పతీగ' అని ఉంది. రెండో దాని మీద 'తిప్పతీగతో కాలేయానికి ముప్పు' అని ఉంది. రెండింట్లో ఆకు బొమ్మ మాత్రం ఒకటే. నీకు బాగా కోపం వచ్చినట్టుంది బిడ్డా, ప్రశ్న గుర్తును కాగితం చిరిగేదాకా దిద్దావు.

ఈ వానాకాలం మీ వాడలో జ్వరాలు ఎక్కువగా ఉన్నాయని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎవరో బొప్పాయి ఆకు రసం తాగమన్నారట, ఇంకెవరో తిప్పతీగ కషాయం అన్నారట. అందుకే నువ్వు అడిగావు. నేను వైద్యుణ్ణి కాదు, ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి. ఒకే ఆకు రెండు పేపర్లలో రెండు తీర్లుగా ఎందుకు కనబడుతుందో మాత్రం చెప్పగలను. దానికి మిమ్మల్ని కల్లంలోకి తీసుకుపోవాలి.

మీరు హార్వెస్టరును చూశారు. పొలాన్ని ఒక దిక్కు మింగి, ఇంకో దిక్కు వడ్లు పోస్తుంది. నా చిన్నతనంలో అది లేదు. వరి కోసి, కట్టలు కట్టి, కల్లంలో ఎడ్లతో బంతి తొక్కించి, ఆ తర్వాత తూర్పార పట్టేవాళ్లం. గాలి కోసం ఎదురుచూడటం పెద్ద పని. పొద్దు వాలాక చింతకొమ్మలు కదిలితే మా నాయన దబదబా ఎత్తుపీట ఎక్కేవాడు. చాట నిండా వడ్లెత్తి, తల మీదికి లేపి, సన్నటి ధారగా వదిలేవాడు. గాలి పొల్లును ఎత్తుకుపోయేది. బరువున్న గింజ నేరుగా ఆయన కాళ్ల దగ్గర పడేది. అమ్మ పొరకతో రాశి మీద తేలిన తాలును మెల్లగా పక్కకు తీసేది.

ఒకనాడు నేను తెలియక గాలి పోయే దిక్కున కూర్చున్నా. ఇంకేముంది, నెత్తి నిండా పొల్లు, కళ్లల్లో నుసి, ఒళ్లంతా దురద. ఒక్క గింజ కూడా నా మీద పడలేదు. ఏడ్చుకుంటూ నాయన దగ్గరికి పోయి "ఈసారి మనకు వడ్లే పండలేదు, అంతా పొల్లే" అన్నాను. ఆయన పీట దిగి, నా చెయ్యి పట్టుకుని రాశి దగ్గరికి తీసుకొచ్చి, నా దోసిట్లో వడ్లు పోశాడు. ఆ బరువు నాకు ఇంకా గుర్తుంది.

వార్త కూడా అట్లనే ప్రయాణం చేస్తుంది బిడ్డలారా. తేలికైన మాట దూరం పోతుంది. 'అమృతం' తేలిక. 'ముప్పు' కూడా తేలికే. ఈ రెండూ వరంగల్ నుంచి ఏటూరునాగారం దాకా ఒక్క పొద్దులో ఎగిరిపోతాయి. ఆకు ఎంత తిన్నారు, ఎన్నాళ్లు తిన్నారు, ఎంతమంది తిన్నారు, వాళ్లకు ముందే ఏ జబ్బు ఉంది అన్న సంగతులు బరువు. అవి రాసినవాళ్ల కాళ్ల దగ్గరే పడి ఉంటాయి. ఇది నా ఊహ కాదు. మూలికల మందుల పరీక్షల గురించీ, మామూలు మందుల పరీక్షల గురించీ ఇంగ్లీషు పత్రికలు ఏం రాశాయో పోల్చి చూసి, కెనడా పరిశోధకులు 2008లో ఒక వ్యాసం వేశారు. మోతాదు, పరీక్షలో పాల్గొన్నవాళ్ల సంఖ్య, ఎన్ని రోజులు చేశారు, డబ్బు ఎవరు పెట్టారు అన్నవే ఎక్కువగా రాలిపోయాయని తేలింది. ఇంకో విచిత్రం కూడా వాళ్లకు కనబడింది. మూలికల మీద రాసిన కథనాల్లో విమర్శ స్వరం ఎక్కువ, కానీ ఆ మూలికల వల్ల వచ్చే ముప్పు ఏమిటో సరిగ్గా చెప్పింది తక్కువ. తిట్టడమైతే తిట్టారు గానీ, జాగ్రత్త చెప్పలేదు.

ఇప్పుడు నీ రెండు కటింగుల కాళ్ల దగ్గరున్న గింజల్ని ఏరుదాం.

కరోనా కాలం మీకు లీలగా గుర్తుండొచ్చు. 2020లో ఇంటింటా కషాయం గిన్నె పొయ్యి మీదుండేది. ఇమ్యూనిటీ పెరుగుతుందని ఎవరికి దొరికినంత తిప్పతీగ వాళ్లు మరిగించి తాగారు. 2021లో ముంబై డాక్టర్లు ఆరుగురు రోగుల గురించి రాశారు. తిప్పతీగ వాడాక వాళ్ల కాలేయం దెబ్బతిన్నదని. ఆరుగురు. ఈ అంకె నీ రెండో కటింగులో ఎక్కడైనా ఉందా, వెతుకు. ఆ జూలైలోనే, ఆయుర్వేదం లాంటి వైద్యాలను చూసే కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ జవాబిచ్చింది. ఆ రోగులు వాడింది అసలు తిప్పతీగేనా, లేక దాన్నే పోలి, కాండం మీద బుడిపెలు ఎక్కువుండే ఇంకో జాతి తీగా అని అడిగింది. మంచి ప్రశ్నే. ఆ మరుసటి ఏడు దేశంలో 13 చోట్ల నుంచి 43 మంది రోగుల వివరాలు కూర్చి ఇంకో పరిశోధన వచ్చింది. వాళ్లలో చాలామందిలో, శరీరం తన కాలేయాన్నే శత్రువనుకుని దాడి చేసే రకం జబ్బు లక్షణాలు కనబడ్డాయి. అటువంటి జబ్బు లోపల దాగి ఉన్నవాళ్లకు ఈ తీగ దాన్ని రెచ్చగొట్టి ఉండొచ్చన్నది వాళ్ల అనుమానం. చూశావా, రాశి దగ్గరికి వస్తే ఎంత ముచ్చట ఉందో! 'అమృతం' అన్న పేపరుకు గానీ, 'ముప్పు' అన్న పేపరుకు గానీ ఇది పట్టలేదు.

మరి ఆ రాసినవాళ్లు అబద్ధాలకోర్లా అంటే, నేను అట్లా అనను. దీనికి మా చిన్నమ్మ సంగతి చెప్పాలి. మీ నాన్నకు కూడా నేనెప్పుడూ సరిగ్గా చెప్పలేదు.

నాకు పదేళ్లప్పుడు పక్క ఊళ్లో ఒక పెద్దాయన పసిరికలకు, అంటే పచ్చకామెర్లకు, పసరు పోసేవాడు. ఆదివారం, గురువారం, పొద్దు పొడవకముందే, పరగడుపున. పైసా తీసుకునేవాడు కాదు. ఆకును పిడికిట్లో దాచి తెచ్చి, అరచేతిలో నలిపి, గుడ్డలో పిండేవాడు. పేరు చెబితే గుణం పోతుందని ఆకు ఎవరికీ చూపేవాడు కాదు. నేను ఇంకో దోస్తుతో కలిసి చీకట్లో ఆయన వెనకే కట్ట మీదికి పోయి, తుమ్మ చాటు నుంచి తొంగి చూశాను. చేతివేళ్లు పచ్చగా మెరవడం తప్ప ఏమీ కనబడలేదు. జబ్బు తగ్గినవాళ్లు కొబ్బరికాయ, కోడిపుంజు పట్టుకుని వచ్చేవాళ్లు. వాళ్లను చూసి పది ఊళ్ల జనం వచ్చేది. చెడిపోయిన నీళ్లతో వచ్చే పసిరికలు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయన్నది అప్పుడు మా ఊళ్లో ఎవరికీ తెలియదు.

మా చిన్నమ్మకు పసిరికలైతే రెండు వారాలు పసరు పోయించారు. ఆమెకు తగ్గలేదు. మాట తడబడింది, పగలంతా మత్తుగా పడుకునేది. బండి కట్టి వరంగల్ తీసుకుపోయేసరికి ఆలస్యమైంది. ఆమె నాకు జొన్నరొట్టె మీద బెల్లం పెట్టి ఇచ్చేది.

ఆ తర్వాతి ఆదివారం కూడా ఆయన వాకిట్లో అంతే జనం. మా ఇంటి నుంచి ఎవరూ పోయి "మా బిడ్డ దక్కలేదు" అని చెప్పలేదు. ఆయనకు బతికినవాళ్లే కనబడ్డారు. పట్నంలో డాక్టరుకేమో పసరు తాగి విషమించినవాళ్లే కనబడ్డారు. ఆయన దృష్టిలో పసరు ప్రాణం పోసేది, ఈయన దృష్టిలో ప్రాణం తీసేది. ఇద్దరూ చూసిందే చెప్పారు. ఆ ఇద్దరి మాటలూ రాసుకున్న విలేకరులు కూడా విన్నదే రాశారు. మొత్తం ఎంతమంది తాగారు, ఎంతమందికి తగ్గింది, తాగకుండానే ఎంతమందికి తగ్గింది అని లెక్క కట్టినవాడు ఒక్కడూ లేడు. నేను ఈ ఒక్క సంగతి మీదే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ఇంకోటి, మాటల్ని జాగ్రత్తగా వినండి. గోలీ వేసుకుని ఒకరికి ఒళ్లు చెడితే 'మందు వికటించి' అని రాస్తారు. ఆకు తిని చెడితే 'నాటు వైద్యం' అంటారు. అదే ఆకు పొడి డబ్బాలో పెట్టి అమ్మితే 'ప్రాచీన ఆయుర్వేద రహస్యం'. నాటు అన్న మాటలోనే కొంచెం చిన్నచూపు ఉంది, ప్రాచీనం అన్న మాటలోనే కొంచెం దండం ఉంది. వార్త మొదలుకాకముందే మన మనసు ఒక దిక్కు ఒరిగిపోతుంది. 'చిటికెలో మాయం', 'డాక్టర్లకే షాక్' అని కనబడితే అక్కడ గాలి బాగా వీస్తున్నట్టు.

ఆ గాలి ఒక్కోసారి దానంతటదే రాదు. తర్వాతి రోజుల్లో మా కల్లంలో గాలి లేనప్పుడు పెద్ద ఫ్యాన్ తెచ్చి తిప్పేవాళ్లం. షుగరు నయం చేస్తామని ప్రకటన వేయడం మన దేశంలో 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ప్రకటనలో వేయకూడని ముచ్చటను వార్తలాగా, ఇంటర్వ్యూలాగా వేస్తే చదివేవాళ్లు నమ్ముతారు. టీవీలో ఆకు గొప్పతనం అరగంట చెప్పి, వెంటనే అదే ఆకు పొడి డబ్బా, కింద ఫోన్ నంబరు చూపిస్తే, ఫ్యాన్ ఎవరు తిప్పుతున్నారో మీరే కనిపెట్టండి. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. చెట్టు ఎవరినీ మోసం చేయదు కదా.

ఓపికగా చూస్తే ఒక ఆకు ఏం ఇస్తుందో కూడా మీరు తెలుసుకోవాలి. చైనాలో తు యూయూ అనే ఆవిడ మలేరియాకు మందు వెతుకుతూ పాత గ్రంథాలు తిరగేసింది. ఒక మాచిపత్రి జాతి మొక్కను మరిగించి చూస్తే ఒకసారి పనిచేసేది, ఒకసారి చేసేది కాదు. నాలుగో శతాబ్దపు గ్రంథంలో ఒక చిన్న వాక్యం దొరికింది, ఆ ఆకును నీళ్లలో నానబెట్టి, పిండి, రసం తాగమని. మరిగించమని అందులో లేదు! వేడికి గుణం పోతోందేమోనని ఆమెకు తట్టింది. తక్కువ వేడితో తీసి చూస్తే పనిచేసింది. అదే ఆర్టెమిసినిన్. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. ఆ వాక్యం పదహారు వందల ఏళ్లు రాశిలో గింజలాగా పడి ఉంది. నాకు ఇది తలచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

ఇక నీ ప్రశ్న. మన బాయి కాడి తీగ మంచిదా, చెడ్డదా? మీకు ముగ్గురికీ చెప్పేది ఒకటే, జ్వరమొస్తే ముందు డాక్టరుకు చూపించండి. కషాయం ఇంట్లో ఎవరైనా తాగుతుంటే ఆ సంగతి కూడా డాక్టరుకు దాచకుండా చెప్పండి. డెంగీలో జ్వరం దిగిన తర్వాతి ఒకటి రెండు రోజులే ఎక్కువ ప్రమాదం, జ్వరం తగ్గిందని, ఆకు రసం పనిచేసిందని ధీమాగా ఉండొద్దు. తీగ సంగతి నేను కాగితం మీద తేల్చలేను. దాన్ని మీరే వచ్చి చూడండి.

పండుగకు తంగేడు, గునుగు కోయడానికి ఎట్లాగూ వస్తారు. బాయి గట్టు పక్కన వేపచెట్టు మీద అది ఇప్పుడు పైకొమ్మ దాకా పాకింది. ఆకు హృదయం ఆకారంలో ఉంటుంది. కొమ్మల నుంచి సన్నటి వేళ్లు దారాల్లాగా గాలిలో వేలాడుతూ నేల కోసం దిగుతుంటాయి. కత్తితో అడ్డంగా కోస్తే లోపల బండిచక్రానికి చువ్వలు పేర్చినట్టు గీతలు కనబడతాయి. నోట్లో మాత్రం పెట్టొద్దు. దీనికి అమృత అనే పేరు ఎందుకొచ్చిందో తెలుసా? కోసిన ముక్కను మట్టి లేకుండా, ఊరికే వేలాడదీసినా చాలా రోజులు చావదు, చిగురు కూడా వేస్తుంది. ఇది పేపర్లో చదివి రాయలేదు, మా వసారాలో చూసింది.

ముగ్గురికీ తలా ఒక జానెడు ముక్క కోసిస్తాను. హన్మకొండ పోయాక బాల్కనీ గ్రిల్లుకు కట్టండి. ఏ రోజు కట్టారో, ఎండ ఎంత పడుతుందో, నీళ్లు చల్లారా లేదా, నోట్‌బుక్కులో రాయండి. చిగురు వస్తే ఏ రోజు వచ్చిందో నాకు ఉత్తరం రాయండి. ఎవరి ముక్కయినా ఎండిపోతే సిగ్గుపడి దాన్ని పారేయొద్దు. అది కూడా రాసి పంపండి.

మీ తాత