వికర్ గారి ఇల్లు అమ్మకానికి ఎందుకొచ్చింది?

కేంబ్రిడ్జ్ పక్కన గ్రాంచెస్టర్ ఊళ్లో ‘ఓల్డ్ వికరేజ్’ అనే ఇల్లుంది. వికర్ అంటే ఊరి చర్చి ఫాదరీ, వికరేజ్ అంటే ఆయన ఉండే ఇల్లు. నవలా రచయిత జెఫ్రీ ఆర్చర్ దంపతులు 1979లో దాన్ని కొన్నారు. మొదటి ప్రపంచ యుద్ధానికి కొన్నేళ్ల ముందు కవి రూపర్ట్ బ్రూక్ అక్కడ అద్దెకున్నాడు. అప్పటికే అందులో వికర్ లేడు. 1685 ప్రాంతంలో కట్టిన ఆ ఇల్లు 1820ల్లోనే చర్చి చేయి దాటిపోయింది. 1850లో కొన్న శామ్యూల్ విడ్నల్ దాన్ని పెంచి కట్టి, ప్రింటింగ్ ప్రెస్సు కూడా పెట్టాడు.

అది మిగతావాటికంటే ముందే చేతులు మారిన ఇల్లు. ఇంగ్లండ్‌లో చాలా వికరేజ్‌లు ఇరవయ్యో శతాబ్దంలో అమ్ముడుపోయాయి. కారణం వాటి కట్టుబడిలోనే ఉంది.

అప్పట్లో వికర్‌కు నెల జీతం ఉండేది కాదు. రైతులు పంటలో ఇచ్చే దశమభాగం, మన గుడి మాన్యంలాంటి చర్చి భూమి, ఇవే రాబడి. దాన్ని తాకట్టు పెట్టి ఇల్లు కట్టుకోవచ్చని 1776 నాటి గిల్బర్ట్ చట్టం చెప్పింది. ఒక్కరే నాలుగు చర్చిలు పెట్టుకుని ఎక్కడో కాపురముండే పద్ధతికి 1838 చట్టం కళ్లెం వేసింది. దాంతో ఊరూరా పెద్ద పెద్ద ఇళ్లు లేచాయి.

మధ్యలో తలుపు, అటూ ఇటూ సమానంగా కిటికీలు: అంతకుముందు ఇళ్లకు ఇదే పద్ధతి. 1840ల్లో బ్రిస్టల్ దగ్గరి కోల్‌పిట్ హీత్‌లో వికరేజ్ కట్టిన ఆర్కిటెక్ట్ విలియం బటర్‌ఫీల్డ్ దాన్ని పక్కన పెట్టాడు. నిట్టనిలువు రాతి గోడలు, ఏటవాలు కప్పు, లోపలి గదికి ఏది కావాలో ఆ కిటికీ. 1859లో డిజైనర్ విలియం మోరిస్ కోసం ఆర్కిటెక్ట్ ఫిలిప్ వెబ్ కట్టిన రెడ్ హౌస్ అనే ఇంటిని అందరూ పొగుడుతారు గానీ, దాని వేర్లు ఇలాంటి వికరేజ్‌లలోనే ఉన్నాయి.

లోపల వికర్ స్టడీ రూము వీధి తలుపు పక్కనే ఉండేది. పెళ్లి మాట్లాడుకోడానికో, సాయం అడగడానికో వచ్చినవాళ్లు ఇంట్లోవాళ్ల మధ్యకు రానక్కర్లేదు. పనివాళ్లకు వెనక మెట్లు వేరు. అంటే సగం ఇల్లు, సగం ఆఫీసు.

1870ల్లో అమెరికా గోధుమలు దిగుమతయ్యాక ధాన్యం ధర పడింది. ఆ ధరను బట్టే లెక్కగట్టే దశమభాగమూ పడింది. ప్రపంచ యుద్ధాల తర్వాత పనివాళ్లు దొరకలేదు. కప్పు రిపేరు, చలికాలం బొగ్గు ఖర్చు చూస్తేనే వికర్లకు టెన్షన్. ఊళ్లను కలిపి ఒకే వికర్‌ను పెట్టాక మిగిలిన ఇళ్లు ఖాళీ. 1938 నాటి చర్చి నిబంధన అమ్మకాలకు దారి ఇచ్చింది. డబ్బున్నవాళ్లు కొనుక్కున్నారు.

చర్చి తన వికర్లకు చిన్న కొత్త ఇళ్లు కట్టింది. వాటిలోనూ స్టడీ రూము వీధి తలుపు పక్కనే.