ఆటలో పరిచయమైన స్నేహితుణ్ణి ఎంతవరకు నమ్మాలి?

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. ఆన్‌లైన్ ఆటల్లో ఎదురయ్యే అపరిచితుల విషయంలో పెద్దవాళ్లం మీకు సాధారణంగా చెప్పేది ఒకటే: ఎవరితోనూ మాట్లాడవద్దని. జట్టుగా ఆడే ఆటలో మాట్లాడకుండా గెలవడం కష్టమని మీకు తెలుసు కనుక ఆ సలహాను పక్కన పెట్టేస్తారు; దానితోపాటు మేము చెప్పే మిగతా మంచి మాటలూ పక్కకు పోతాయి. అందుకే ఈ ఉత్తరంలో, మాట్లాడుతున్న మనిషిని ఎలా అంచనా వేయాలో వ్రాస్తున్నాను.

ఆటలో పుట్టిన స్నేహాలన్నీ బూటకమని నేను అనను. నార్వేలో కండరాలు క్షీణించే జబ్బుతో బాధపడిన 25 ఏళ్ల యువకుడు ఒకరు 2014లో మరణించారు. చక్రాల కుర్చీకే పరిమితమైన తమ బిడ్డ ఒంటరిగా బతికి వెళ్లిపోయాడని తల్లిదండ్రులు అనుకున్నారు. కానీ ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఆటలో అతడితో ఏళ్ల తరబడి ఆడినవారు వార్త తెలియగానే సందేశాలు పంపారు, కొందరు వేరే దేశాల నుంచి అంత్యక్రియలకు వచ్చారు. తన జబ్బు సంగతి అతడు వాళ్లకు చాలాకాలం చెప్పనే లేదు. ముఖం చూపించనివాళ్లంతా చెడ్డవాళ్లు కారని, సొంత వివరాలేవీ చెప్పకుండానే మంచి స్నేహితులుగా ఉండవచ్చని దీన్నిబట్టి తెలుస్తుంది.

అవతలివాళ్లు తమ గురించి చెప్పే వయసు, ఊరు, బడి వంటివాటిని సరిచూసుకునే మార్గం మీకు లేదు. ఫొటో వేరొకరిది కావచ్చు. గొంతును మార్చే సాఫ్ట్‌వేర్లు ఎప్పటినుంచో ఉన్నాయి, ఇప్పుడు వీడియో కాల్‌లో ముఖాన్ని కూడా మార్చగలుగుతున్నారు. కాబట్టి అతడు ఎవరన్న ప్రశ్న మీద ఎక్కువసేపు తల బద్దలు కొట్టుకోకండి. మిమ్మల్ని ఏమి అడుగుతున్నాడో, ఎప్పుడు అడుగుతున్నాడో గమనించండి. అది మీ కళ్ల ముందే ఉంటుంది.

చెడు ఉద్దేశంతో వచ్చినవాడు మొదటిరోజే చెడ్డమాట మాట్లాడడు. మీకన్నా బాగా ఆడతాడు, ఓడిపోయే మ్యాచ్‌లో మిమ్మల్ని కాపాడతాడు, అమ్మానాన్నలు కోప్పడిన రోజున ఓపికగా మీ మాట వింటాడు. తర్వాత ఆటలోని పాత్రకు తొడిగే ఒక స్కిన్నో (వేషం), రోబ్లాక్స్ ఆటలో డబ్బులా వాడే కొన్ని రోబక్సో కానుకగా ఇస్తాడు, దాంతో మీకు తెలియకుండానే అతడికి రుణపడ్డ భావన కలుగుతుంది. ఆ పైన ఆటలోని చాట్ వదిలి వేరే యాప్‌లోకి రమ్మంటాడు. ఈ మలుపు దగ్గర మీరు ఆగి ఆలోచించాలి. చాలా ఆటల్లో చాట్ మీద ఎంతో కొంత నిఘా ఉంటుంది, చెడ్డమాటలను ఆపే ఫిల్టర్లు ఉంటాయి, తల్లిదండ్రులు పెట్టిన కట్టుబాట్లు ఉంటాయి. బయటి యాప్‌లోకి వెళ్లగానే వాటిలో చాలావరకు మీ వెంట రావు. అక్కడికి చేరాక చిన్న చిన్న రహస్యాలు మొదలవుతాయి. “మీ ఇంట్లో చెబితే మనల్ని ఆడనివ్వరు, ఈ చాట్ తుడిచెయ్యి” అంటాడు. అలా తుడిచెయ్యమని అడిగిన స్నేహితుడు ఎంత మంచివాడిగా కనిపించినా, ఆ మాటను ఆ రోజే ఇంట్లో చెప్పాలి.

ఒక పరీక్ష చెబుతాను. చిన్న విషయంలో, వీలైనంత తొందరగా, అతడికి “వద్దు” అని చెప్పి చూడండి. “ఈ రోజు ఆడను”, “నా ఫొటో పంపను”, “ఇక్కడే మాట్లాడుకుందాం” అనండి చాలు. నిజమైన స్నేహితుడు సరేనని ఆటలో పడిపోతాడు. మరొకడు అలుగుతాడు, ఇచ్చిన కానుకలను ఎత్తిపొడుస్తాడు, “నా మీద నమ్మకం లేదా?” అని నిలదీస్తాడు, కాసేపటికి మళ్లీ తియ్యగా మాట్లాడి అదే అడుగుతాడు. అయితే ఓపికగల మోసగాడు నెలల తరబడి సరే అంటూనే ఉండగలడు. అందువల్ల ఈ పరీక్షలో నెగ్గినవాడికైనా ఇంటి చిరునామా, బడి పేరు, పాస్‌వర్డ్, బట్టలు లేని ఫొటో ఇవ్వకూడదు. ఇంట్లో తెలియకుండా ఒంటరిగా కలవడానికి వెళ్లకూడదు.

ఐడీలు దొంగిలించేవాళ్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఉచితంగా రోబక్సు ఇస్తామనే లింకులు, ఫోన్‌కు వచ్చిన కోడ్ చెప్పమనే సందేశాలు, స్కాన్ చేయమని పంపే క్యూఆర్ కోడ్‌లు అన్నీ ఆ పనికే. మీ పాత స్నేహితుడి పేరుతోనే అవి రావచ్చు, అతడి ఐడీ అప్పటికే దొంగల చేతిలో పడి ఉండవచ్చు. అతణ్ణి వేరే మార్గంలో అడిగి తెలుసుకోండి.

ఇప్పటికే ఫొటో పంపేసి, దాన్ని అందరికీ చూపిస్తానన్న బెదిరింపులతో భయపడుతున్నవారు మీలో ఉంటే, ఈ మాటలు ముఖ్యంగా మీకోసం. తప్పు బెదిరించేవాడిది. డబ్బు ఇస్తే అతడు ఆగడు. ఇచ్చేవాళ్లని తెలిశాక మళ్లీ అడుగుతాడు. ఇంకో ఫొటో పంపకండి, సందేశాలను తుడిచెయ్యకండి. అతడి ఐడీ, బెదిరింపు మాటలు స్క్రీన్‌షాట్ తీసి, రిపోర్ట్ చేసి, ఆ తర్వాత బ్లాక్ చేయండి. 18 ఏళ్లలోపు తీసిన అలాంటి ఫొటోలు వ్యాపించకుండా అడ్డుకోవడానికి ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. అక్కడ మీ పేరు చెప్పనక్కరలేదు, ఫొటో మీ ఫోన్ దాటి వెళ్లదు. దాని నుంచి తయారయ్యే ఒక గుర్తు మాత్రమే వెళ్తుంది, ఆ గుర్తు సాయంతో ఇందులో చేరిన కంపెనీలు తమ దగ్గర ఆ ఫొటోను వెతికి తొలగిస్తాయి.

ఇవన్నీ ఒక్కరే చేయవలసిన పనులు కావు. అమ్మకో నాన్నకో చెప్పడానికి నోరు రాకపోతే పిన్నికో, మామయ్యకో, టీచర్‌కో చెప్పండి. మాటల్లో చెప్పలేకపోతే ఆ చాట్ తెరిచి ఫోన్ వాళ్ల చేతికి ఇవ్వండి. అలా ఫోన్ అందుకున్న పెద్దవాళ్లు ముందు కోప్పడకుండా చివరిదాకా చదవాలని, ఈ ఉత్తరం వాళ్ల కంటపడితే వాళ్లనూ వేడుకుంటున్నాను.

ఇట్లు,
మీ తాతయ్య